జగదాంబ టీచర్ రసీదులు

సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లోని ఒక హైస్కూల్లో పీటీ టీచర్ జగదాంబ గారికి ఒకటే పిచ్చి. దాత పేరు రాయని వస్తువు కంటబడితే ఆవిడకు ఆ పూట అన్నం సహించదు. గుళ్లో ట్యూబ్‌లైటు మీద వెలుతురు కంటే పేరే ఎక్కువ కనబడేలా రాయిస్తారు చూడండి, ఆ విద్యను ఫుట్‌బాల్ మైదానంలోకి దింపిన మొట్టమొదటి మనిషి ఆవిడే. ఆఖరిదీ ఆవిడే అయ్యుండాలి. ఇంకొకరు తట్టుకోలేరు.

ఫుట్‌బాల్‌కి ముప్పై రెండు ముక్కలుంటాయని ఆడేవాళ్లలోనే చాలామందికి తెలియదు. జగదాంబ టీచర్‌కి తెలుసు. ఎందుకంటే ఆ ముప్పై రెండింటినీ ఆవిడ ముప్పై రెండు మంది దాతలకు విడివిడిగా అంటగట్టారు. ఒక వానాకాలం రంగు ఆరకముందే ఆట మొదలుపెట్టేసరికి, తలతో బంతిని కొట్టిన పిల్ల నుదుటి మీద "బ్యూలా టైలరింగ్, జాకెట్లు ఒక్క రోజులో" అన్న అక్షరాలు తిరగబడి అచ్చుపడ్డాయి. ఎనామిల్ పెయింటు కదా, ఒక పట్టాన పోదు. ఆ వారం బ్యూలాకు ఎనిమిది జాకెట్లు ఎక్కువ వచ్చాయని మోండా మార్కెట్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందరూ పిల్లను అద్దం ముందు నిలబెట్టి చదువుకుని వచ్చారట.

ఎడమ గోల్‌పోస్టు ఇత్తడి సామాన్ల దుకాణం అన్నగారిది. కుడి గోల్‌పోస్టు ఇత్తడి సామాన్ల తమ్ముడిది. దుకాణం పంచుకున్న నాటి నుంచి ఆ అన్నదమ్ములకు మాటల్లేవు. అందుకని పైన అడ్డకర్ర వాళ్లమ్మ పేరున రాయించారు టీచర్. "ఆవిడ పట్టుకుంటే గానీ ఇద్దరూ ఒకచోట నిలబడరు" అని వివరణ కూడా ఇచ్చారు. గోల్ వెనక వల ఉల్లిగడ్డ సంచులు కలిపి కుట్టింది. బంతి వలలో పడినప్పుడల్లా నాలుగు ఉల్లిపొరలు గాల్లోకి లేచేవి. చప్పట్లు కొట్టేవాళ్లు లేకపోయినా కళ్లు తుడుచుకునేవాళ్లు మాత్రం ఉండేవాళ్లు.

ఇవన్నీ రాసింది కిషన్. మోండా మార్కెట్‌లో కూరగాయల వరస దాటి, స్టవ్వులు బాగుచేసే సోమయ్య దుకాణం పక్కన, "కిషన్ ఆర్ట్స్" అన్న అరుగు అతనిదే. ఒకప్పుడు బొల్లారం నుంచి సికింద్రాబాద్ స్టేషన్ దాకా తన చేతి బోర్డు లేని గల్లీ లేదని కిషన్ అంటాడు. స్టేషన్ మీద ఊరి పేరు కూడా తనే రాశానని, అది లేకపోతే రైళ్లు ఆగకుండా వెళ్లిపోయేవని కూడా అంటాడు. ఫ్లెక్సీలు వచ్చాక అతని బ్రష్షుకి పని తగ్గింది గానీ నోటికి తగ్గలేదు.

తొమ్మిదో తరగతిలో బడి ఎందుకు మానేశాడన్నది అడిగేవాళ్లను బట్టి మారుతుంది. సోమయ్యకు చెప్పిన కథలో, బోర్డు మీద కిషన్ దస్తూరి చూసి హెడ్మాస్టరు సిగ్గుతో సుద్దముక్క కింద పడేశాడు. పాలవాడికి చెప్పిన కథలో, ఇక ఈ కుర్రాడికి నేర్పడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదని మాస్టర్లందరూ కలిసి దండ వేసి సాగనంపారు. జగదాంబ టీచర్ ముందు మాత్రం ఈ కథలేవీ నడవవు. ముప్పై మూడేళ్ల కిందట అతను బడి గోడ దూకినప్పుడు, గోడ ఇవతల నిలబడి ఉన్న కొత్త పీటీ టీచర్ ఆవిడే.

"ఒరేయ్, దూకడం బాగుంది. లాంగ్ జంప్‌కి వస్తావా?" అని అడిగారు అప్పుడు.

కిషన్ అప్పుడు వెళ్లలేదు. ఆ బాకీ ఆవిడ ఇప్పుడు బ్రష్షు రూపంలో వసూలు చేసుకుంటున్నారు.

"కిషన్, ఈ విజిల్ మీద దాత పేరు రాయాలిరా."

"టీచర్, గింత విజిల్ మీద ఏం రాస్త? చీమ వచ్చి చదవాలె."

"అయితే తాడుకి చీటీ కట్టు. ఊదినప్పుడల్లా ఊగుతుంది, నలుగురికీ కనబడుతుంది."

జగదాంబ గారిది కాకినాడ. ఉద్యోగానికి సికింద్రాబాద్ వచ్చి ముప్పై మూడేళ్లయినా మాట మారలేదు, నడక మారలేదు, స్కూటర్ కూడా మారలేదు. ఆవిడ నడిపేది ఆడపిల్లల ఫుట్‌బాల్ టీము. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు. స్కూలు యాజమాన్యం ఆ టీముకి ఇచ్చింది ఒక మైదానం, ఒక నమస్కారం. మిగతా దేనికైనా ఆవిడే చందాలకు బయల్దేరాలి. సాయంత్రం నాలుగున్నరకి ఆ స్కూటర్ మోండా మార్కెట్ మలుపు తిరిగిందంటే, దుకాణాల వాళ్లు పారిపోరు. పారిపోయి లాభం లేదని ఎప్పుడో తెలుసుకున్నారు.

ఆవిడ చందాకి ఒక లెక్క ఉంది. నూటపదహార్లు. తక్కువ ఇస్తే పుచ్చుకోరు, ఎక్కువ ఇస్తే తిరిగి ఇచ్చేస్తారు. నాలుగు వందల దుకాణాల నుంచీ అంతే. ఎవరికి బంతిలో ముక్క, ఎవరికి జెండా కర్ర అన్నది ఆవిడ ఇష్టం. అన్నిటికంటే పెద్ద గౌరవం జెర్సీ. పదకొండు జెర్సీల వీపు మీదా పదకొండు మంది పేర్లు. వస్తువులకు రసీదు ఉండదు, రాసిన పేరే రసీదు. జెర్సీలకు మాత్రం ఉంటుంది. అది ఎలా ఉంటుందో మొదట తెలుసుకున్నది ఉల్లిగడ్డల లచ్చమ్మ.

"టీచరమ్మా, పైసలు తీస్కున్నవ్ సరే. రసీదేది?" అంది లచ్చమ్మ. ఆవిడకు అరవై ఏళ్లు. పోలీసు దగ్గర కూడా రసీదు అడిగే మనిషి.

"శనివారం పంపిస్తాను లచ్చమ్మా."

శనివారం సాయంత్రం ఉల్లిగడ్డల కుప్ప ముందు ఒక బక్కపల్చటి పిల్ల వచ్చి నిలబడింది. వీపు మీద "లచ్చమ్మ, ఉల్లిగడ్డలు, మోండా మార్కెట్" అని కిషన్ రాసిన అక్షరాలు. చేతిలో లెక్కల పరీక్ష కాగితం.

"ఎవరే నువ్వు?"

"లాస్యను అవ్వా. రసీదును."

"ఏందీ?"

"నూటపదార్లకు రసీదును. ఈ వారం ఆటల ఎన్ని పాసులిచ్చిన్నో, పరీక్షల ఎన్ని మార్కులొచ్చినయో నీకు చెప్పి రమ్మన్నరు టీచర్."

"ఎన్నొచ్చినయే?"

"పాసులు ఏడు. మార్కులు పంతొమ్మిది."

"నూటికి పంతొమ్మిదా! నేనిచ్చింది నూటపదార్లు, నువ్వు తెచ్చింది పంతొమ్మిదా! ఇంత నష్టం ఉల్లిగడ్డ కుళ్లినా రాదు గదనే!" లచ్చమ్మ ఆ కాగితాన్ని తలకిందులుగా, నిలువుగా, వెలుతురుకి పెట్టి చూసింది. తర్వాత పిల్లను అలాగే చూసింది. "తిన్నవా?"

"పొద్దుగాల తిన్న."

"ఇప్పుడు ఐదైతున్నది. కూసో."

మరుసటి శనివారం లాస్య మళ్లీ వచ్చింది.

"మళ్ల వచ్చినవేందే? రసీదు ఒక్కపారే గదా ఇస్తరు?"

"వారం వారం రెన్యువల్ ఉంటదంట అవ్వా."

అలా పదకొండు రసీదులు శనివారం శనివారం మార్కెట్‌లోకి నడిచి వచ్చేవి. బ్యూలా తన రసీదుకి చిరిగిన స్కూలు గౌను సరిచేసేది. సోమయ్య తన రసీదుకి స్టవ్వు విప్పడం నేర్పాడు. ఆ పిల్ల వాళ్లింటి స్టవ్వు విప్పేసి బిగించలేక ఆయన్ని పిలుచుకుపోయింది. కిషన్‌కి వచ్చిన రసీదు పేరు కల్పలత. టీముకి గోల్‌కీపర్. సొంత పేరు రాసుకునే అవకాశం వచ్చింది కదా అని కిషన్ ఆ జెర్సీ మీద నీడలతో సహా ఎంత పెద్ద అక్షరాలు రాశాడంటే, ఒకటో నంబరుకి చోటు చాలక చంక కిందకి పోయింది. చెయ్యెత్తి బంతి పట్టినప్పుడే ఆ పిల్ల నంబరు తెలిసేది.

కల్పలతతో కిషన్‌కి ఒక ఇబ్బంది ఉండేది. ఆ పిల్ల అతని కథలన్నీ వినేది. విని గుర్తుపెట్టుకునేది.

"కాకా, పోయిన వారం నువ్వు రాసిన బోర్డు మూడంతస్తులన్నవ్. ఇప్పుడు ఐదంటున్నవ్."

"నడుమల రెండంతస్తులు కట్టిండ్రు బిడ్డా."

"బోర్డు మీదనా?"

కిషన్ భార్య కమలాబాయి లోపల సర్వపిండి కాలుస్తూ నవ్వేది. పాతికేళ్లుగా తను అడగలేని ప్రశ్నలు వారం వారం ఎవరో వచ్చి అడిగి పోతుంటే ఆవిడకు హాయిగా ఉండేది. ఆ పిల్లకి సర్వపిండి ఇంకో ముక్క ఎక్కువ పడేది.

ఇక మైదానంలో జగదాంబ టీచర్‌ని చూడాలి. ఆవిడ పిల్లల్ని పేరుపెట్టి పిలవరు. వీపు మీదున్న పేరు పెట్టి పిలుస్తారు. "లచ్చమ్మా, ఎడమకి పో! సోమయ్యా, నిద్రపోతున్నావా? బ్యూలా, బంతి వదిలెయ్, బ్యూలా! కిషనూ, చేతులు! చేతులెక్కడ పెట్టావ్?" గోడ అవతల రోడ్డు మీద పోయేవాళ్లు లోపల మార్కెట్ సంఘం ఎన్నికలు జరుగుతున్నాయేమో అనుకునేవాళ్లు. పిల్లల అసలు పేర్లు ఆవిడకు గుర్తుండవని, వయసు మీద పడిందని స్టాఫ్‌రూమ్‌లో చెప్పుకునేవారు.

పిచ్చి ముదిరిందని అందరూ తేల్చేసింది మాత్రం కామరాజు గారి విషయంలో. ఆయన తెనాలి నుంచి వచ్చి అపార్ట్‌మెంట్లు కట్టి బాగా సంపాదించిన మనిషి. ఒకరోజు కారు దిగి మైదానంలోకి వచ్చి, యాభై వేల చెక్కు తీశాడు.

"టీచర్ గారూ, పదకొండు మందికీ కొత్త జెర్సీలు, కొత్త బూట్లు. వీపు మీద మా కంపెనీ పేరు. పదకొండింటి మీదా ఒకటే పేరు. చూడ్డానికి లక్షణంగా ఉంటుంది."

"చాలా సంతోషమండీ. నూటపదహార్లు ఇవ్వండి."

"అమ్మా, యాభై వేలు!"

"విన్నానండీ. పదకొండు మందినీ మీరొక్కరే చూసుకోగలరా?"

"చూడ్డానికేముంది, మ్యాచ్‌కి వస్తాగా?"

"శనివారాలు?"

"శనివారం నాకు సైటు పని ఉంటుంది."

జగదాంబ టీచర్ ఆ చెక్కుని నాలుగు మడతలు పెట్టి ఆయన జేబులోనే పెట్టి, నూటపదహార్లు మాత్రం పుచ్చుకుని, బంతికి గాలి కొట్టే పంపు మీద ఆయన పేరు రాయించారు. యాభై వేలు పోయాయన్న బాధతో కిషన్ ఆ పేరులో ఒక అక్షరం దాటేశాడు. అతను అక్షరం దాటెయ్యడం అదొక్కసారే. అతను చెప్పుకునే మాటల్లో ఇదొక్కటే నిజం.

సరిగ్గా ఆ నెలలోనే స్కూలు కరస్పాండెంట్ రఘునాథ్ గారు టీచర్‌ని పిలిపించారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన దగ్గర ఆరు బస్సులున్నాయి, నిలబెట్టడానికి చోటు లేదు, అంతే.

"మేడమ్, బొల్లారం టోర్నమెంట్‌లో రెండేళ్లుగా మనం ఆడకుండానే ఓడిపోతున్నాం. ఒక ఏడు ఐదుగురు పిల్లలే వచ్చారు, ఇంకో ఏడు ఆరుగురు. ఈ ఏడు కూడా మన టీము గ్రౌండ్‌లోకి దిగకపోతే ఇక ఫుట్‌బాల్ మానేద్దాం. ఆ స్థలంలో బస్సులు పెట్టుకుంటాను."

"గెలవాలాండీ?"

"గెలవడమా?" రఘునాథ్ గారు ఆ ఆలోచనకి పాపం నవ్వాపుకోలేకపోయారు. "పదకొండు మంది కనిపించి, మ్యాచ్ చివరిదాకా ఆడితే చాలు."

ఈ సంగతి వినగానే కిషన్ రంగంలోకి దూకాడు. టోర్నమెంట్ ఎంట్రీ ఫారం నింపే పని తనదేనన్నాడు. "టీచర్, మీరు గెలుకుడు రాత రాస్తె వాళ్లు చదవకనే పక్కకు పడేస్తరు. నేను రాస్త. ఫారం జూసి వాళ్లు ఫ్రేం కట్టిస్తరు." టీచర్‌కి ప్రాక్టీసు తొందర. పిల్లల వివరాలున్న నోటుబుక్కు ఇచ్చి సరేనన్నారు. కిషన్ ఒక పూటంతా కూర్చుని, మూడు రంగుల్లో రాసి, తనే స్వయంగా బొల్లారం వెళ్లి ఇచ్చి వచ్చాడు. ఆ కాగితం చూడగానే ఆఫీసులో ఫ్యాన్లు ఆగిపోయాయని మార్కెట్‌లో చెప్పాడు.

"కరెంటు పోయిందా కాకా?" అంది కల్పలత.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకల్లా పదకొండు మంది పిల్లలూ బొల్లారం మైదానంలో ఉన్నారు. ఒక్కరు కూడా తగ్గలేదు. పది గంటలకు మ్యాచ్. కిషన్ దువ్వుకున్న జుట్టుతో, తన ఫారాన్ని ఏ గోడకి వేలాడదీశారోనని వెతుక్కుంటున్నాడు. అంతలో టోర్నమెంట్ సెక్రటరీ రాజేందర్ ఆ ఫారం పట్టుకుని వచ్చాడు. మొహంలో ఫ్రేం కట్టించే ఉద్దేశం కనిపించలేదు.

"మేడమ్, గిదేంది? గార్డియన్ పేరున్న కాడ 'లచ్చమ్మ, ఉల్లిగడ్డలు' అని ఉన్నది?"

జగదాంబ టీచర్ కళ్లజోడు పెట్టుకుని చూశారు.

"పక్కకు ఉల్లిగడ్డ బొమ్మ సుత ఉన్నది. కింద 'హోల్‌సేల్ ధరలకు సంప్రదించండి' అని ఉన్నది. గీ పిల్లకు గార్డియన్ 'సోమయ్య, అన్ని రకముల స్టవ్వులు'. గీమెకు 'బ్యూలా టైలరింగ్'. అడుగున 'కిషన్ ఆర్ట్స్, సెల్' అని నంబర్! ఇది ఎంట్రీ ఫారమా, మార్కెట్ బోర్డా?"

"సంతకం పెట్టుడు అలవాటు సార్," అన్నాడు కిషన్. "టీచర్, నేను సొంతంగ ఏం రాయలే. మీ నోటుబుక్కుల 'ఎవరి పిల్ల' అని గీత గీసి ఉన్నది. దాని కింద ఉన్నదే ఎక్కిచ్చిన."

రాజేందర్ తలపట్టుకున్నాడు. "మేడమ్, ఈ ఏడు కొత్త రూల్ వచ్చింది. ఆడపిల్లల టీములకు, ఫారంల రాసిన గార్డియన్ స్వయంగ వచ్చి సంతకం పెట్టాలె. లేకపోతె ఆడనియ్యం. తొమ్మిదిన్నర దాంక టైమిస్త. అసలు తల్లిదండ్రులకు ఫోన్ చేసి పిలిపియ్యండ్రి, పేర్లు దిద్దుకుందం."

ఇంకో గంటలో మూడో ఏడు కూడా ఆడకుండా ఓడిపోవడం, సోమవారం పొద్దున గోల్‌పోస్టుల మధ్య బస్సు నిలబడటం కిషన్ కళ్లకు కట్టాయి. ఆ బస్సు మీద "స్కూల్ బస్" అని రాసింది కూడా తనే. అన్నీ గుర్తొచ్చి అతనికి ఏడుపొచ్చింది. బడి వదిలాక ఒక స్కూలు కాగితం అతని చేతికి రావడం ఇదే మొదటిసారి.

"తిట్టండ్రి టీచర్," అన్నాడు.

"తిట్టడమెందుకురా? నువ్వు రాసిందాంట్లో తప్పేముంది?" అని, ఆవిడ రాజేందర్ వైపు తిరిగారు. "ఇళ్లవాళ్ల అనుమతి చీటీలు స్కూల్లో ఉన్నాయండీ, పంపిస్తాను. కానీ మనుషులు రాలేరు. ఈ పిల్ల లాస్య. అమ్మ ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోముతుంది, ఇవాళ మూడు పెళ్లిళ్లు. నాన్న లారీ మీద ఉన్నాడు, నాగపూర్ దాటి ఉంటాడు. కల్పలత వాళ్ల నాన్న రెండు అపార్ట్‌మెంట్లకు ఒక్కడే వాచ్‌మన్. దేవకృపకి కుడి బూటు ఆరు, ఎడమది ఆరున్నర, అమ్మమ్మ తప్ప ఎవరూ లేరు, ఆవిడకి కళ్లు కనబడవు..." ఒక్కొక్క పిల్ల పేరూ, ఇంటిపేరూ, ఇంట్లో సంగతీ, బూటు సైజుతో సహా ఆవిడ పదకొండు మందివీ చెప్పుకుపోయారు. ఏ కాగితం చూడలేదు. "వీళ్లెవరూ పిల్లల్ని పట్టించుకోనివాళ్లు కారండీ. ఆదివారాలు లేనివాళ్లు. స్కూల్లో తల్లిదండ్రుల మీటింగ్ అంటే ఈ పదకొండు మందీ ఆ పూట మైదానంలో తిరిగేవాళ్లు. అక్కడే పట్టుకున్నాను నేను వీళ్లని. టీము అలా తయారైంది."

కిషన్ ఆవిడ వైపు నోరు తెరుచుకుని చూశాడు. యాభై వేల చెక్కు ఎందుకు నాలుగు మడతలైందో అతనికి అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఆవిడ మార్కెట్‌లో డబ్బు కోసం తిరిగారని అనుకున్నాడు. ఆవిడ తిరిగింది మనుషుల కోసం. అడిగితే ఎవరూ రారని, నూటపదహార్లు పుచ్చుకుని, వీపు మీద పేరు రాయించి, కక్కలేని మింగలేని పద్ధతిలో తగిలించారు. ఆ పేర్లన్నీ రాసింది తనే. తన పేరు కూడా.

అతను ఫోన్ తీశాడు.

"లచ్చమ్మక్కా!"

"ఏందిరా, ఆదివారం బేరం టైముల?"

"లాస్యను ఆడనిస్తలేరక్కా. గార్డియన్ రావాల్నట. ఫారంల నీ పేరున్నది."

 ఆ వెంటనే వినిపించింది లచ్చమ్మ గొంతు, ఫోన్‌లో కాదు, మార్కెట్ మొత్తానికి: "ఓ సోమయ్యా! దుకాణం బంద్ జెయ్! మన పిల్లలను ఆపిండ్రంట!"

తొమ్మిదీ ఇరవై ఎనిమిదికి బొల్లారం మైదానం గేటు ముందు ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఉల్లిగడ్డ సంచుల మధ్య నుంచి ఒక్కొక్కరే దిగారు. లచ్చమ్మ, మెళ్లో టేపుతో బ్యూలా, చేతికి నల్లటి మసితో సోమయ్య, ఇంకా ఏడుగురు. కిషన్‌తో కలిపి పదకొండు. దారిలో ఒక సిగ్నల్ దగ్గర ఎవరో ఆపి ఉల్లిగడ్డలు కిలో ఎంతని అడిగితే, లచ్చమ్మ జీవితంలో మొదటిసారి బేరం వదిలేసి వచ్చిందట.

"మీరు ఈ పిల్లకు ఏమైతరు?" అన్నాడు రాజేందర్.

"ఏమైతమో నాకెర్క లేదు," అంది లచ్చమ్మ. "గా పిల్ల మామిడికాయ తొక్కు లేకుంటె ముద్ద మింగది. కుడికాలు బొటనవేలు గోరూడితె పసుపు వెట్టిన. పంతొమ్మిది మార్కులున్నదాన్ని ముప్పై రెండుకు తెచ్చిన. నడిమిట్ల ఒకపారి ఇరవై ఏడుకు పడ్డది. ఆ వారం నాకు అన్నం దిగలే. ఇంకేం గావాలె?"

"స్టవ్వు విప్పుతది సార్ నా పిల్ల," అన్నాడు సోమయ్య అందుకుని. "బిగియ్యరాదు గని, విప్పుతది."

"నా బిడ్డకు ఈ ఏడాది నడుము అర అంగుళం పెరిగింది. రాసిపెట్టిన," అంది బ్యూలా టేపు చూపిస్తూ.

రాజేందర్ రూల్సు పుస్తకం తీశాడు. ఆ పేజీ ఒకసారి చదివాడు. ఆ మనుషుల్ని ఒకసారి చూశాడు. ట్రాలీలోంచి ఇంకా ఎవరైనా దిగుతారేమోనని భయంగా అటూ ఒకసారి చూశాడు.

"ఫారంల రాసిన గార్డియన్ వచ్చి సంతకం పెట్టాలె అని ఉన్నది. చుట్టం కావాలె అని యాడ రాసిలేదు," అని పుస్తకం మూసేశాడు. "పెట్టుండ్రి."

లచ్చమ్మ వేలిముద్ర వేసింది. వేసి, "రసీదు?" అంది. రాజేందర్ ఇచ్చేదాకా కదల్లేదు.

మ్యాచ్ మొదలైంది. మొదలైన రెండు నిమిషాలకే ఒక చిక్కు వచ్చిపడింది. జగదాంబ టీచర్ గీత పక్కన నిలబడి అలవాటుగా "సోమయ్యా, ముందుకు పో!" అని అరిచారు. లుంగీ ఎగ్గట్టిన అసలు సోమయ్య, పిలిచారు కదా అని మైదానంలోకి నడిచాడు. రెఫరీ విజిల్ ఊదాడు. ఆయన్ని బయటికి పంపేలోగా "బ్యూలా, అడ్డం పడు!" అన్న కేక వినిపించి బ్యూలా టేపు పట్టుకుని లోపలికి పోయింది. హాఫ్‌టైముకి రెఫరీ నలుగురు వ్యాపారస్తులను మైదానంలోంచి సాగనంపాడు. ఇన్నేళ్ల అనుభవంలో ఒక టైలరుకి హెచ్చరిక ఇవ్వడం ఆయనకిదే మొదలు. చివరికి ఆయనే టీచర్‌ని బతిమాలుకున్నాడు, పిల్లల్ని పిల్లల పేర్లతో పిలవమని. ఆవిడ పిలిచారు. ఒక్క పేరు కూడా తడబడలేదు.

కల్పలత నాలుగు గోల్స్ వదిలేసింది. పదకొండు ఆపింది. కిషన్ లెక్క ప్రకారం ముప్పై ఆపింది. ఆట ఇంకో ఆరు నిమిషాలుందనగా బంతి ఎలాగో లాస్య కాళ్ల దగ్గరికి వచ్చింది. ఎదురుగా గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు.

"కొట్టవే! ఏం జూస్తున్నవ్, అది ఫ్రీగ వచ్చింది!" అని అరిచింది లచ్చమ్మ.

లాస్య కొట్టింది. బంతి పోస్టుకి తగిలి, గోల్‌కీపర్ మోకాలికి తగిలి, ఇక ఎటూ పోలేక వలలోకి పోయింది. టోర్నమెంట్‌లో ఆ స్కూలుకి అదే మొదటి గోల్. నాలుగు ఒకటితో ఓడిపోయి ఆ టీము బయటికి వస్తుంటే, గెలిచిన టీము పిల్లలు ఎవరు గెలిచారో తెలియక బోర్డు దగ్గరికి వెళ్లి మళ్లీ చూసుకున్నారు. ట్రాలీ మీద పదకొండు మంది పెద్దలు, పదకొండు మంది పిల్లలు, ఒక టీచర్ ఎక్కారు. ఎలా పట్టారని అడగకండి. పట్టారు. రఘునాథ్ గారి బస్సులు ఇప్పటికీ రోడ్డు మీదే నిలబడుతున్నాయి.

మరుసటి వారం స్కూల్లో తల్లిదండ్రుల మీటింగ్ పెట్టారు. ఆ పదకొండు మంది పిల్లలు ఆ పూట మైదానంలోకి పోలేదు. ఎనిమిదో తరగతి గది ముందు వరసలో నిలబడ్డారు, ఒక్కొక్కరి పక్కన ఒక్కొక్కరు. కిషన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన వంతు వచ్చేలోపు బ్లాక్‌బోర్డు మీద తేదీ వంకరగా ఉందని తుడిచి మళ్లీ రాశాడు. లెక్కల మేబెల్ టీచర్ ముందు లచ్చమ్మ కూర్చుంది. లాస్య పక్కన నిలబడింది.

"ముప్పై రెండమ్మా. పాస్ కావాలంటే ముప్పై ఐదు రావాలి," అన్నారు మేబెల్ టీచర్.

"మూడే గదా! జెర మంచిగ చూడమ్మా. ముప్పై ఐదు చేసియ్యి."

"అలా కుదరదమ్మా. మార్కులివి."

"పొద్దుగాల బోణి టైముల గట్లనొద్దు. నీ మాట వద్దు, నా మాట వద్దు, ముప్పై నాలుగియ్యి."

మేబెల్ టీచర్ సాయం కోసం జగదాంబ టీచర్ వైపు చూశారు. జగదాంబ టీచర్‌కి సరిగ్గా అప్పుడే కిటికీ అవతల ఒక గడ్డిపరక చాలా ముఖ్యంగా కనిపించింది.

"సరే తియ్యి, ముప్పై రెండే ఉండనియ్యి," అంది లచ్చమ్మ చివరికి, పెద్ద మనసు చేసుకుని. "వచ్చేపారి నలభై తెస్తది. తేకపోతె పిల్లను బయట నిలబెట్టకు. నాకు ఫోన్ జెయ్యి, నేనొస్త."

"నంబరు చెప్పండి, రాసుకుంటాను."

 ఊళ్లో సగం మందికి ఉల్లిగడ్డలు తూచిన లచ్చమ్మకు తన నంబరు తనే చెప్పే అవసరం ఎన్నడూ పడలేదు. "తొమ్మిది..." అని మొదలుపెట్టి పైకప్పు వైపు చూసింది.

పక్కనున్న లాస్య పది అంకెలూ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

మేబెల్ టీచర్ రాసుకుని, కలం ఆపి ఆ పిల్లని ఎగాదిగా చూశారు. లాస్య నోట ఇన్ని అంకెలు వరసగా, ఒక్క తప్పు లేకుండా రావడం ఆవిడ వినడం అదే మొదటిసారి.